పేగులలోని సూక్ష్మజీవులు: జన్యువుల పాలు ఎంత?

కళాశాలలో జీర్ణవ్యవస్థను గూర్చిన పాఠము ముగించి నేను పుస్తకము మూయుచుండగా, రెండవ సంవత్సరపు విద్యార్థి ఒకడు లేచి ఇట్లడిగినాడు: "మాస్టారూ, మా ఇంట్లో ఎవరికీ పాలు పడవండి. తాతయ్యకు పడేవి కావు, నాన్నకు పడవు, నాకూ పడవు. మజ్జిగైతే ఏమీ కాదు. మా వంశంలో వాళ్ళ పేగుల్లో ఉండే సూక్ష్మజీవులే అలాంటివా అండి?"

మరునాడు అతడు రెండు కాగితపు ముక్కలు తెచ్చి చూపినాడు. రెండును వార్తాపత్రికలనుండి కత్తిరించినవే. పేగులలోని సూక్ష్మజీవులను మన జన్యువులే నిర్ణయించునని ఒకదానిలో పెద్ద అక్షరములతో ఉన్నది. జన్యువులకు ఆ విషయమున ప్రమేయమే లేదనియు, అంతయు తిండిని బట్టియే ఉండుననియు రెండవదానిలో ఉన్నది. "రెండూ సైంటిస్టులు చెప్పిందేనట. ఏది నమ్మాలండి?" అని అతని ప్రశ్న.

ఇది ఒక విద్యార్థి ప్రశ్న మాత్రమే కాదు. మొదటి వార్తను నమ్మినవాడు "మా రక్తమే అంత" అని చేతులు ముడుచుకొని కూర్చుండును. రెండవ వార్తను నమ్మినవాడు తన కడుపులోని ప్రతి బాధకును తన తిండినో, ఇంటివారి వంటనో నిందించుకొనును. ఈ రెండు నమ్మకములను ఆధారము చేసికొని, జన్యు పరీక్షలు, మల పరీక్షలు చేసి "మీ పేగులకు తగిన ఆహారము" చెప్పెదమని ప్రకటించు వ్యాపారులును నేడు ఉన్నారు. కావున ఆ వార్తలకు మూలమైన పరిశోధన వ్యాసములను సంపాదించి చదివితిని. వానిలో ముఖ్యమైన మూడింటిని ఇచట పరిశీలింపదలచినాను. అవి చెప్పినదేమి, వానిచేత చెప్పించినదేమి అను భేదము తెలిసినచో విద్యార్థి ప్రశ్నకు సమాధానము దానంతటదియే దొరకును.

పోలికకు రెండు దారులు

మన పేగులలోని బాక్టీరియాలు శరీరకణములకు పది రెట్లని వెనుకటి పుస్తకములలో వ్రాసెడివారు. 2016లో సెండర్, ఫుక్స్, మైలో అను ముగ్గురు శాస్త్రజ్ఞులు మరల లెక్కగట్టి, 70 కిలోల బరువుగల పురుషునిలో శరీరకణములు సుమారు 30 లక్షల కోట్లు, బాక్టీరియాలు సుమారు 38 లక్షల కోట్లు ఉండునని తేల్చినారు. ఆ బాక్టీరియాల మొత్తము బరువు సుమారు 200 గ్రాములు. వీనిలో అత్యధిక భాగము పెద్దపేగులోనే ఉన్నది. ఏ జాతులు ఎంతెంత ఉన్నవి అను విషయములో మనిషికిని మనిషికిని చాల భేదము కలదు.

ఒకే కుటుంబమువారి సూక్ష్మజీవులు కొంతవరకు ఒకదానినొకటి పోలియుండును. ఇది చూచినంతనే "వంశపారంపర్యము" అనుట సులభము. కాని కుటుంబములో ఒకరినుండి ఒకరికి సంక్రమించునవి జన్యువులు మాత్రమే కావు. సూక్ష్మజీవులే స్వయముగా తల్లినుండి బిడ్డకు చేరును. 9,700కు పైగా నమూనాలను పరిశీలించి 2023లో ప్రకటించిన ఒక అధ్యయనములో, తల్లికిని మొదటి సంవత్సరములోని బిడ్డకును ఉమ్మడిగానున్న జాతులలో సగము వరకు అవే వంగడములుగా కనబడినవి. ఒకే ఇంట నివసించువారిలో కూడ ఇట్టి ఉమ్మడి వంగడములు నూటికి 12 వరకు ఉన్నవి. ఒకే కుండలోని అన్నము, ఒకే బావిలోని నీరు, ఒకే చాపపై నిద్ర గల ఇంటిలో పోలిక ఉండుట వింత కాదు. కావున జన్యువుల దారిని, ఇంటి దారిని వేరుచేసి చూచుటయే ఇచట అసలు సమస్య.

ఇందుకు శాస్త్రజ్ఞులు కవలలను ఆశ్రయించినారు. ఒకే అండమునుండి పుట్టిన కవలల జన్యువులు దాదాపు అన్నియు ఒక్కటే. వేరువేరు అండములనుండి పుట్టిన కవలలకు సాధారణ తోబుట్టువులవలె సగము పోలిక మాత్రమే ఉండును. కాని ఈ రెండు రకముల కవలలును తమ జంటవారితో ఒకే ఇంట పెరుగుదురు. మొదటి రకము కవలల సూక్ష్మజీవులు రెండవ రకమువారి వానికన్న ఎక్కువగా పోలియున్నచో, ఆ ఎక్కువ భాగము జన్యువులకు చెందునని ఊహింపవచ్చును.

అమెరికాలో జెఫ్రీ గోర్డన్ బృందము 2009లో ఇట్లు 31 జతల మొదటి రకము, 23 జతల రెండవ రకము కవలలను పరీక్షించినది. రెండు రకములకును చెప్పుకోదగిన భేదము కనబడలేదు. అందుచేత కొంతకాలము జన్యువుల మాట వెనుకబడినది.

మొదటి వ్యాసము: బ్రిటిషు కవలలు

2014లో జూలియా గుడ్రిచ్, రూత్ లే మొదలగువారు 'సెల్' పత్రికలో ప్రకటించిన వ్యాసము మొదటిది. వీరు బ్రిటనులోని కవలల జాబితానుండి 416 జతలను తీసికొని, వేయికి పైగా మల నమూనాలను పరీక్షించినారు. ఇంత పెద్ద సంఖ్య తీసికొనుటచేత, 2009లో కనబడని భేదము ఇపుడు కనబడినది. కొన్ని సూక్ష్మజీవ కుటుంబములలో మొదటి రకము కవలల పోలిక నిజముగా ఎక్కువ. వానిలో మొదటి స్థానము క్రిస్టెన్సెనెల్లేసీ అను కుటుంబమునకు వచ్చినది. ఈ కుటుంబపు బాక్టీరియాలు సన్నని శరీరము గలవారిలో ఎక్కువగా ఉన్నవనియు తేలినది. అంతటితో ఊరకుండక వారు ఒక స్థూలకాయుని మల నమూనాకు ఈ కుటుంబములోని ఒక జాతిని చేర్చి, సూక్ష్మజీవులు లేకుండ పెంచిన ఎలుకల పేగులలో ప్రవేశపెట్టినారు. చేర్చని ఎలుకలకన్న చేర్చిన ఎలుకలు తక్కువ బరువు పెరిగినవి.

ఈ వ్యాసము గొప్పతనము ఓపికలో ఉన్నది. చిన్న నమూనాలో భేదము కనబడనంత మాత్రమున భేదము లేదని చెప్పరాదని ఇది నిరూపించినది. కాని దీనిలో రెండు లోపములు పాఠకుడు గుర్తింపవలెను.

మొదటిది శీర్షిక. మానవ జన్యువులు పేగులలోని సూక్ష్మజీవలోకమును రూపొందించుచున్నవని శీర్షిక చెప్పుచున్నది. లోపలి పట్టికలు చూచినచో, జన్యు ప్రభావము స్పష్టముగా కనబడినది కొన్ని కుటుంబములలోనే. తక్కినవానిలో అది స్వల్పము, లేదా శూన్యము. ఊరిలో పది ఇండ్లకు దీపము వచ్చినచో ఊరంతయు వెలిగినదని చెప్పుట వంటిది ఇది.

రెండవది ఎలుకల ప్రయోగము. ఆ బాక్టీరియా బరువుపై ప్రభావము చూపునని మాత్రమే ఆ ప్రయోగము తెలుపును. మనిషి జన్యువు ఆ బాక్టీరియాను తెచ్చునని అది తెలుపదు. అది కవలల పోలికనుండి చేసిన వేరొక అనుమానము. రెండింటిని ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టుటచేత, "సన్నదనము జన్యువులచేత, బాక్టీరియాల ద్వారా వచ్చును" అని పాఠకుడు కలిపి చదువుకొనును. వార్తాపత్రికలు చేసినది ఇదియే. గొలుసులోని రెండు కొక్కెములను వేరువేరుగా పరీక్షించినంత మాత్రమున గొలుసంతయు గట్టిదని చెప్పరాదు.

రెండవ వ్యాసము: ఒకే దేశము, అనేక మూలములు

ఇశ్రాయేలులోని వైజ్‌మన్ సంస్థకు చెందిన ఎరాన్ సెగల్ బృందము 2018లో 'నేచర్' పత్రికలో ప్రకటించినది రెండవ వ్యాసము. రోత్‌షీల్డ్ మొదలగువారు దీని రచయితలు. వీరు ఆరోగ్యవంతులైన 1,046 మందిని పరీక్షించినారు. పూర్వికులు వేరువేరు ప్రాంతములనుండి వచ్చినవారైనను, నేడు వీరందరు చాలవరకు ఒకే విధమైన వాతావరణములో నివసించుచున్నారు. ప్రశ్నకు తగిన జనమును ఎన్నుకొనుటలో వీరి తెలివి మెచ్చుకోదగినది. పూర్వికుల మూలమును బట్టి సూక్ష్మజీవులలో భేదము కనబడలేదు. రక్తసంబంధము లేకున్నను ఒకే ఇంట నివసించువారిలో మాత్రము పోలిక కనబడినది. వెనుకటి కవలల దత్తాంశములను కూడ మరల లెక్కించి, సూక్ష్మజీవుల మొత్తము భేదములో జన్యువుల వంతు నూటికి 1.9 మొదలు 8.1 వరకు మాత్రమే యని వీరు తేల్చినారు. ఆహారము, మందులు, శరీరపు కొలతలు మొదలగువానికి సంబంధించిన భేదము నూటికి 20కి పైగా ఉన్నది.

"పరిసరములదే పైచేయి" అని ఈ వ్యాసపు శీర్షిక భావము. 20 గొప్పదా, 8 గొప్పదా అన్నచో 20 గొప్పదే. కాని పాఠకుడు మరియొక కూడిక చేసి చూడవలెను. 20ని, 8ని కలిపినను 28 మాత్రమే. తక్కిన 70కి పైగా భాగము ఎవరి ఖాతాలోను పడలేదు. అందులో మనము కొలువని పరిసరములు ఉండవచ్చును, దినదినము మారు చంచలత్వము ఉండవచ్చును, కొలతలోని దోషములు ఉండవచ్చును. ఆ మిగిలినదంతయు ఆహారమునకు వ్రాసివేయుట న్యాయము కాదు. వార్తలు వ్రాసినవారు అట్లే చేసినారు.

వేరొక చిక్కు కూడ ఉన్నది. మొత్తమునకు ఒకే అంకె చెప్పునపుడు ఏ ఒక్క జాతికిని న్యాయము జరుగదు. ఒక తరగతి సగటు మార్కులు నూటికి 35 అన్నచో, అందులో 90 వచ్చినవాడు లేడని అర్థము కాదు గదా! వేయిమంది జనము ఇట్టి విశేషములను వెదకుటకు చాలరు. తరువాతి సంవత్సరములలో ఒక్కొక్క జన్యుస్థానమును గుర్తించుటకు ఐదారువేలనుండి పద్దెనిమిదివేల వరకు మనుష్యులు అవసరమైనారు.

మూడవ వ్యాసము: ఆఫ్రికా బబూనులు

మూడవది మనుష్యులను గూర్చినది కాదు. కెన్యా దేశములోని అంబొసెలి ప్రాంతమున 1971నుండి బబూను కోతులను శాస్త్రజ్ఞులు ఒక్కొక్కదానిని గుర్తించి, దాని పుట్టుక, బంధుత్వము, తిండి, ఆయుస్సు వ్రాసియుంచుచున్నారు. గ్రీనైసెన్ మొదలగువారు అట్లు 14 సంవత్సరములలో 585 బబూనులనుండి సేకరించిన 16,234 నమూనాలను పరిశీలించి 2021లో 'సైన్స్' పత్రికలో ప్రకటించినారు. అనగా సగటున ఒక్కొక్క జంతువునకు సుమారు 28 నమూనాలు.

ఇది నిజముగా అమూల్యమైన కృషి. పేగులలోని సూక్ష్మజీవులు స్థిరమైనవి కావు. నిన్నటివలె నేడు ఉండవు. ఒక్కరోజు తీసిన ఒక్క నమూనా, కదలుచున్న తిరునాళ్ళను తీసిన ఒక్క ఛాయాచిత్రము వంటిది. పలుమారులు తీసినపుడే ఎవరు ఆ ఊరివారో, ఎవరు చుట్టపుచూపుగా వచ్చినవారో తెలియును. ఇట్లు పలుమారులు పరీక్షించుటచేత, తాము కొలిచిన సూక్ష్మజీవ లక్షణములలో నూటికి 97 లక్షణములందు జన్యు ప్రభావము ఉన్నదని వీరు కనుగొన్నారు.

ఈ 97 అను అంకెయే చాలమందిని పొరబాటులో పడవేసినది. నూటికి 97 లక్షణములలో జన్యువుల ప్రభావము కొంత ఉన్నదనుట వేరు. లక్షణమును నూటికి 97 వంతులు జన్యువులే నిర్ణయించుననుట వేరు. వంద ఇండ్లలో 97 ఇండ్లకు పంచాయతీ నీరు వచ్చుచున్నదన్నచో, ఆ ఇండ్లలో వాడు నీరంతయు పంచాయతీదే యని కాదు. ఒక్కొక్క ఇంటికి రెండు బిందెలే రావచ్చును. ఇచట బిందెల లెక్క కూడ రచయితలు దాచలేదు. జన్యువుల వంతు సగటున నూటికి 6.8 మాత్రమే.

బబూను మనిషి కాదు. వంట చేసికొనదు, మందులు మ్రింగదు. ఈ ఫలితమును అట్లే మనకు అన్వయింపరాదు. ఐనను కొలుచు పద్ధతిని గూర్చి ఈ వ్యాసము నేర్పు పాఠము మనకును వర్తించును.

కలహము ఎచ్చట?

ఇపుడు రెండవ, మూడవ వ్యాసముల అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూతము. జన్యువులు స్వల్పము అన్న వ్యాసములోని అంకె 1.9 మొదలు 8.1. జన్యు ప్రభావము దాదాపు సర్వత్ర ఉన్నదన్న వ్యాసములోని సగటు 6.8. ఈ రెండును ఒకే విధముగా లెక్కించినవి కావు. మొదటిది మొత్తమునకు చెందినది, రెండవది విడివిడి లక్షణముల సగటు. ఆ జాగ్రత్త పాటించి చూచినను, ఇవి పరస్పరము కొట్లాడు అంకెలు కావని ఎవరికైనను తెలియును. ఒకరు "గ్లాసులో నీళ్ళు కొంచెమే" అన్నారు. మరియొకరు "ప్రతి గ్లాసులోను నీళ్ళున్నవి" అన్నారు. కలహము శీర్షికలలో ఉన్నది గాని ఫలితములలో లేదు. నా విద్యార్థి తెచ్చిన రెండు కాగితపు ముక్కలును ఇట్టి శీర్షికలనుండి పుట్టినవే.

ఇంతకును ఈ అనువంశికతా ప్రమాణము అనగా ఏమి? ఒక జనసమూహములో వ్యక్తికిని వ్యక్తికిని గల భేదములలో జన్యుభేదములకు చెందు వంతు అది. ఇది ఒక మనిషి పేగులలో జన్యువుల పాలు ఎంతయో చెప్పదు. పైగా స్థిరమైన సంఖ్యయు కాదు. ఒక వసతిగృహమును ఊహింపుడు. రెండువందలమంది విద్యార్థులు సంవత్సరమంతయు ఒకే వంటశాలలో, ఒకే అన్నము, ఒకే సాంబారు తినుచున్నారు. తిండిలో భేదము లేనందున, వారి సూక్ష్మజీవులలో కనబడు భేదములలో జన్యువుల వంతు ఎక్కువగా కనబడును. అదే విద్యార్థులు వేసవి సెలవులకు ఇండ్లకు పోయినారు. ఒకని ఇంట జొన్నరొట్టె, ఒకని ఇంట చేపల పులుసు, మరియొకని ఇంట మూడు పూటల మెత్తని వరియన్నము. ఇపుడు జన్యువుల వంతు తగ్గిపోవును. ఏ విద్యార్థి జన్యువును మారలేదు. మారినది చుట్టునున్న ప్రపంచము.

ఇది నా ఊహ మాత్రమే కాదు. అంబొసెలి బబూనులలో జన్యువుల వంతు వర్షకాలములోకన్న ఎండకాలములో ఎక్కువగాను, తిండిలో వైవిధ్యము తగ్గినపుడు ఎక్కువగాను కనబడినది. వయస్సు పైబడిన జంతువులలో కూడ అది పెరిగినది. "జన్యువులా, తిండియా?" అను ప్రశ్నకు ఆ కోతులు ఇచ్చిన సమాధానము ఇది: ఏ ఋతువులో అడుగుచున్నారో ముందు చెప్పుడు.

పాల జన్యువు కథ

సగటు అంకెలనుండి ఒక్క జన్యువునకు దిగి చూచినచో విషయము ఇంకను తేటపడును. పాలలోని చక్కెరకు లాక్టోజు అని పేరు. దానిని చిన్నపేగులో విడగొట్టు ఎంజైము లాక్టేజు. పసిబిడ్డలందరిలోను ఇది పుష్కలముగా ఉండును. పెరిగిన పిదప ప్రపంచ జనములో సుమారు మూడింట రెండు వంతులమందిలో ఇది బాగుగా తగ్గిపోవును. కొందరిలో మాత్రము జీవితాంతము నిలిచియుండును. యూరపు జనములలో ఈ భేదమునకు కారణమైన మార్పును 2002లో ఫిన్లండు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. రెండవ క్రోమోసోముపై, లాక్టేజు జన్యువునకు సుమారు 14 వేల అక్షరముల దూరమున, పొరుగు జన్యువులో, ఒక్క అక్షరపు మార్పు అది.

పేగులలోని సూక్ష్మజీవులకును మానవ జన్యువులకును సంబంధము వెదకిన పెద్ద పరిశోధనలలో మరల మరల కనబడినది ఈ స్థానమే. గుడ్రిచ్ బృందము 2016లో 1,126 జతల కవలలలో దీనిని చూచినది. 24 జనసమూహములనుండి 18,340 మందిని కలిపి 2021లో ప్రకటించిన పరిశోధనలో, అన్నిటికన్న కఠినమైన గణాంక పరీక్షకు నిలిచినది ఇదొక్కటే. 2022లో నెదర్లండులోని 7,738 మందిలోను, ఫిన్లండులోని 5,959 మందిలోను ఇదియే మరల కనబడినది. లాక్టేజు తగ్గిపోవు జన్యురూపము గలవారి పేగులలో బిఫిడోబాక్టీరియా అను జాతివర్గము ఎక్కువగా ఉండును.

కారణము సులభముగా గ్రహింపవచ్చును. ఎంజైము లేనివాడు పాలు త్రాగినచో పాలచక్కెర చిన్నపేగులో జీర్ణము కాక పెద్దపేగుకు చేరును. అచట దానిని తిని బ్రతుకగల బిఫిడోబాక్టీరియాకు అది విందు. జన్యువు బాక్టీరియాను సృష్టింపలేదు. విస్తరిలో ఏమి మిగులవలెనో అది నిర్ణయించినది. మిగిలినదానిని తినువారు వచ్చి చేరినారు.

మరి ఎంజైము లేనివాడు పాలే ముట్టనిచో? అపుడు మిగులునది లేదు, చేరువారును లేరు. ఫిన్లండు పరిశోధనలో సరిగా ఇదియే కనబడినది. బిఫిడోబాక్టీరియా ఎక్కువగా ఉండుట, ఆ జన్యురూపము కలిగి పాల పదార్థములు తీసికొనుచున్నవారిలో ప్రస్ఫుటముగా ఉన్నది. లాక్టోజు లేని ఆహారము తీసికొనువారిలో అట్లు లేదు. ఇపుడు చెప్పుడు: ఆ బాక్టీరియా జన్యువు వలన వచ్చినదా, పాల వలన వచ్చినదా? తాళము, తాళపుచెవి రెండింటిలో తలుపు తెరచినదేది అని అడుగుటకును దీనికిని భేదము లేదు. ఆ మూడు వ్యాసములపై వచ్చిన వార్తలన్నింటిలోను ఉన్న దోషము ఇదియే: కలిసి పనిచేయు రెండింటిని పోటీకి నిలువబెట్టి, గెలిచినదెవరని అడిగినవి.

రక్తవర్గములను నిర్ణయించు జన్యువు విషయములోను ఇట్టి సాక్ష్యమే ఉన్నది. చైనా శాస్త్రజ్ఞులు అనేక జాతుల పందులను సంకరపరచి, ఒకే విధమైన పోషణలో పెంచి చూచినారు. మనుష్యులలో ఏ, బి, ఓ వర్గములను నిర్ణయించునట్టి జన్యువే పందులలోను ఉన్నది. దానిలో 2,300 అక్షరముల ముక్క లోపించినపుడు పేగులోనికి విడుదలయగు ఒక చక్కెర పదార్థము తగ్గిపోవుననియు, దానిపై జీవించు బాక్టీరియాలు తగ్గుననియు వారు 2022లో చూపినారు. ఇచటను జన్యువు చేసినది మేత పెట్టుటయే.

లోటు ఎచ్చట ఉన్నది?

ఈ పరిశోధనలన్నింటిని చదివిన పిదప నాకు కలిగిన పెద్ద అసంతృప్తి వేరొకటి. పరీక్షింపబడినవారిలో అత్యధికులు యూరపు సంతతివారు. అందువలన పాల జన్యువు ఫలితమును మనకు అన్వయించునపుడు జాగ్రత్త అవసరము. 2012లో ప్రకటించిన ఒక పరిశోధన, భారతదేశములోను యూరపులోనున్న అక్షరపు మార్పే ప్రధానముగా కలదని తెలిపినది. అది వాయవ్యమున ఎక్కువగా ఉండి, తూర్పునకును దక్షిణమునకును వచ్చుకొలది తగ్గును. అనగా తెలుగువారిలో చాలమందికి పెద్దయిన పిదప లాక్టేజు తగ్గుట సహజము. అది రోగము కాదు. ప్రపంచములోని అధిక సంఖ్యాకుల స్థితి.

మరి మన అంకె ఎంత? మన తిండిలో, మన నీటిలో, మన ఇండ్లలో జన్యువుల వంతు ఫిన్లండులోనున్నంతే ఉండనవసరము లేదు. వసతిగృహపు ఉదాహరణము చెప్పినది అదియే. ఇతరుల జనములో కొలిచిన అంకెను పట్టుకొని మన పేగులకు జాతకము వ్రాయువారిని నమ్మరాదు. సగటు వంతు ఆరేడు మాత్రమే అయినచో, జన్యువులను మాత్రము చూచి ఒక వ్యక్తి పేగులలో ఏ సూక్ష్మజీవులున్నవో చెప్పుట సాధ్యము కాదు. అట్లు చెప్పెదమను ప్రకటనలు ఈ వ్యాసములు ఇచ్చిన అధికారమును మించుచున్నవి.

విద్యార్థికి సమాధానము

ఇపుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వత్తును. తాతకు, తండ్రికి, మనుమనికి పాలు పడకపోవుట చాలవరకు జన్యువుల విషయమే కావచ్చును. ఆ వరకు "మా వంశము" అనుట తప్పు కాదు. కాని వంశములో వచ్చినది ఎంజైము లేమి, సూక్ష్మజీవులు కావు. ఎంజైము మారకున్నను సూక్ష్మజీవులు మారగలవు. అమెరికాలో హెర్ట్జ్‌లర్, సవయానో అను ఇద్దరు 1996లో, లాక్టోజు జీర్ణము కానివారికి ప్రతిదినము క్రమముగా లాక్టోజు ఇచ్చి చూచినారు. కొద్ది దినములలోనే వారి మలములో లాక్టోజును విడగొట్టు బాక్టీరియాల ఎంజైము పెరిగినది. ఊపిరిలో హైడ్రోజను తగ్గినది. వారి జన్యువులలో ఒక్క అక్షరమును మారలేదు. ఐతే దీనిని చదివి ఎవరును చెంబెడు పాలు పట్టుదలగా త్రాగనవసరము లేదు. కడుపు బాధ విడువకున్నచో వైద్యుని చూడవలెను. అన్ని కడుపునొప్పులు పాలవే కావు.

మరి మజ్జిగ ఎందుకు పడినది? పాలు తోడుపెట్టినపుడు తోడులోని బాక్టీరియాలు రాత్రికి రాత్రి పాలచక్కెరలో కొంత తినివేయును. మిగిలినదానిని విడగొట్టు ఎంజైమును కూడ అవి తమతో తెచ్చును. పెరుగును చిలికి నీరు కలిపినపుడు గ్లాసుకు చేరు లాక్టోజు ఇంకను తగ్గును. జన్యువు ఇవ్వనిదానిని సూక్ష్మజీవులచేత చేయించుకొనుట మన వంటయిండ్లలో నిత్యము జరుగుచున్న పని. జన్యుశాస్త్రము పుట్టకముందే మన ముసలమ్మలు దీనిని సాధించినారు.

ఇదంతయు తరగతిలో చెప్పినపుడు ఆ విద్యార్థి కొంతసేపు ఆలోచించి, "అయితే రెండు పేపర్లూ తప్పేనాండి?" అన్నాడు. రెండును సగము చదివినవే యన్నాను. శీర్షిక చూచి ఆగిపోక, ఎంతమందిని, ఎచట, ఎన్నిమారులు కొలిచినారో, నూటికి ఎంత తేలినదో చూడుమని చెప్పినాను. ఆ నాలుగు ప్రశ్నలు అడుగు అలవాటు తరగతిలో కొందరికైనను కలిగినచో, జన్యువుల పాలు ఎంతయన్న చర్చ మన కళాశాలలోనైనను పోటీ పందెము కాక, విచారణగా సాగును.